‘వెటరన్’ అన్న విశేషణం: మహిళల చదరంగంలో తరాల పోటీ – కోనేరు హంపి

ఉపోద్ఘాతం

క్రీడావార్తల్లో తరచుగా వాడే ‘వెటరన్’ అన్న మాటకు నిర్ణీతమైన వయసు లేదు. ఆట మారితే ఆ మాటకు అర్థం మారుతుంది. 2021 మార్చిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో మహిళల విభాగపు మూడు పతకాలూ రష్యా క్రీడాకారిణులకే దక్కాయి. స్వర్ణం గెలిచిన అన్నా షెర్బకోవాకు, కాంస్యం గెలిచిన అలెగ్జాండ్రా త్రుసోవాకు అప్పటికి 16 ఏళ్లు. రజతం అందుకున్న ఎలిజవేతా తుక్తమిషేవాకు 24. అందుకు ఆరేళ్ల ముందే, అంటే 2015లోనే, ప్రపంచ విజేత అయిన ఆమెను 24వ ఏట వెటరన్‌గానే లెక్కవేశారు. మంచు మీద నుంచి ఎగిరి గాలిలో నాలుగు చుట్లు తిరగడం ఎదుగుదల పూర్తికాని తేలికపాటి దేహానికి సులువు కావడం దీనికి ప్రధాన కారణం. 2022 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం సీనియర్ విభాగపు కనీస వయసును 15 నుంచి 17కు దశలవారీగా పెంచాలని నిర్ణయించింది.

అక్కడ వయసు దేహానికి సంబంధించిన విషయం. దేహలాఘవంతో నిమిత్తం లేని ఆటలో ఒక క్రీడాకారిణి వెటరన్ ఎప్పుడవుతుంది? దేన్నిబట్టి అవుతుంది? ఈ ప్రశ్నకు తెలుగునేలకు చెందిన కోనేరు హంపి క్రీడాజీవితం మంచి ఆధారం.

బల్లమీది ఆటల్లో తరాల పోటీ తెలుగువారికి కొత్త కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి పడమటి సీమ ఊళ్లలో గానీ, కృష్ణా, గుంటూరు మండలాల్లో గానీ వామనగుంటల పీటకు అటు అమ్మమ్మ, ఇటు మనవరాలు కూర్చోవడం మామూలు సంగతి. రాతి అరుగు మీద గీసిన పులి–మేక గీతల దగ్గరా అంతే. ఆ ఆటల్లో పెద్దరికానికి ప్రత్యేకమైన పేరు లేదు. ఎవరి గింజలు వారు లెక్కపెట్టుకోవలసిందే. విశేషణం అవసరమైనది ఆట వార్తగా మారిన తరువాతనే.

పిన్న నుంచి పెద్దకు

హంపి 1987 మార్చి 31న గుడివాడలో జన్మించారు. ఆమె పేరు విజయనగర రాజధానిని గుర్తుకు తెచ్చినా, తండ్రి కోనేరు అశోక్ ఆ పేరును ‘ఛాంపియన్’ అన్న మాటలోంచి తీశారు. ఆయనే ఆమెకు గురువు. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల విజేతగా నిలిచిన హంపి, 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. భారతీయ మహిళల్లో ఆ హోదా పొందినవారు అంతకుముందు లేరు. అంతేకాక, హంగరీకి చెందిన జుడిత్ పోల్గార్ 1991లో నెలకొల్పిన అతిపిన్న మహిళా గ్రాండ్‌మాస్టర్ రికార్డును ఆమె సుమారు మూడు నెలల తేడాతో అధిగమించారు. 2007లో 2600 రేటింగు దాటినప్పుడు, మహిళల్లో ఆ మెట్టు ఎక్కినవారు పోల్గార్ తరువాత హంపియే.

ఈ ఘట్టంలో ‘చిన్నది’ హంపి. తరువాతి ఘట్టం త్వరగానే వచ్చింది. 2008లో చైనాకు చెందిన హౌ యిఫాన్ 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి హంపి రికార్డును తుడిచివేశారు. 2011 నవంబరులో అల్బేనియా రాజధాని టిరానాలో ప్రపంచ మహిళా టైటిల్ కోసం వారిద్దరూ తలపడ్డారు. యిఫాన్‌కు 17 ఏళ్లు, హంపికి 24. స్టాక్‌హోంలో తుక్తమిషేవా వయసూ ఇదే కావడం యాదృచ్ఛికమే గాని గమనార్హం. యిఫాన్ మూడు ఆటలు గెలిచి, అయిదు డ్రా చేసి 5.5–2.5 తేడాతో టైటిల్ నిలుపుకున్నారు.

సాధారణంగా తరాల కథనాలు ఇక్కడ ఆగిపోతాయి: కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోయిందని. కానీ ఆ తరువాత జరిగింది దానికి విరుద్ధం. యిఫాన్ క్రమంగా పోటీలు తగ్గించుకొని, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 2020లో షెన్‌జెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించారు. ఓడిన పెద్దామె మాత్రం బల్ల వదలలేదు. 2016 తరువాత మాతృత్వం కారణంగా సుమారు రెండేళ్లు ఆటకు దూరంగా ఉన్న హంపి, 2018లో జార్జియాలోని బటుమి ఒలింపియాడ్‌లో తిరిగి ఆడారు. 2019 డిసెంబరులో మాస్కోలో, 32వ ఏట, ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టైటిల్‌ను 37వ ఏట మళ్లీ గెలిచారు. విరామానికి ముందు ఆమెకు దక్కని ప్రపంచ టైటిల్ విరామం తరువాత రెండుసార్లు దక్కింది. మహిళల క్రీడాచరిత్రలో మాతృత్వాన్ని ‘ముగింపు’గా చెప్పే అలవాటును ఈ కాలక్రమం ఒక్కటే ప్రశ్నార్థకం చేస్తుంది. గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక 2022లో నిండు గర్భిణిగా చెన్నై ఒలింపియాడ్‌లో ఆడి, హంపితో కలిసి జట్టు కాంస్యంలో పాలుపంచుకున్న సంగతిని కూడా దీనికి చేర్చవలసి ఉంది.

బటుమి, 2025

2025 జూలైలో మహిళల ప్రపంచ కప్ అదే బటుమి నగరంలో జరిగింది. ఫైనల్‌కు చేరినవారు 38 ఏళ్ల హంపి, నాగపూర్‌కు చెందిన 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన నాటికి దివ్య పుట్టనే లేదు. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి. జూలై 28న ర్యాపిడ్ టైబ్రేక్‌లో మొదటి ఆట కూడా డ్రా. రెండో ఆటలో తెల్లపావులతో ఆడుతున్న హంపి, గడియారంలో సమయం తరిగిపోతున్న దశలో పొరపాట్లు చేశారు. నల్లపావులతో దివ్య గెలిచి 2.5–1.5తో కప్పు అందుకున్నారు.

ఈ ఫలితానికి సులువుగా దొరికే వ్యాఖ్య ఒకటుంది: పెద్దవారిది లోతు, చిన్నవారిది వేగం, గడియారం బిగిసేకొద్దీ వయసు బయటపడుతుంది అని. ఈ వాదం వినసొంపుగా ఉంటుంది గాని సాక్ష్యాలకు నిలవదు. మొదటిది, ఆ రోజున ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేత హంపియే. ఆమె ఓడింది తన సొంత టైటిల్ ఉన్న పద్ధతిలోనే. రెండోది, అదే పోటీ సెమీఫైనల్‌లో తనకంటే పదేళ్లు చిన్నదైన లీ టింగ్‌జీతో ఆమె పోరు క్లాసికల్‌లోను, రెండు విడతల ర్యాపిడ్‌లోను తేలలేదు. ఒక దశలో వెనకబడి కూడా సమం చేసి, చివరికి అయిదేసి నిమిషాల ఆటలు రెండూ గెలిచి 5–3తో ఫైనల్ చేరారు. గడియారం అత్యంత బిగువుగా ఉన్నచోట గెలిచింది పెద్దవయసే. 2019లో మాస్కో టైటిల్ కోసం జరిగిన అదనపు ఆటల్లో ఆమె చేతిలో ఓడినదీ లీ టింగ్‌జీయే. కనుక జూలై 28 నాటి ఓటమిని వయసు ఖాతాలో వేయాలంటే, ఈ గెలుపులను ఏ ఖాతాలో వేయాలో కూడా చెప్పాలి.

తరాల మధ్య నిజమైన తేడా మరొకచోట కనిపిస్తుంది. హంపి గ్రాండ్‌మాస్టర్ హోదాకు మూడు నార్ములు ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్నారు. బటుమికి వచ్చేనాటికి దివ్యకు ఒక్క నార్మూ లేదు. 15వ సీడ్‌గా దిగి ప్రపంచ కప్ గెలవడంతో నిబంధనల ప్రకారం ఆ హోదా నేరుగా లభించి, ఆమె భారతదేశపు 88వ గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. మహిళల్లో నాలుగో వ్యక్తి: హంపి, హారిక, వైశాలి, దివ్య. మొదటి ఇద్దరి మధ్యనే తొమ్మిదేళ్ల ఎడముంది.

క్రియ, విశేషణం

తెలుగు పత్రికల క్రీడాపుటల్లో ఒక భాషావిశేషం గమనించదగినది. అక్కడ క్రియ వయసు చూడదు. 38 ఏళ్ల హంపి అయినా, 19 ఏళ్ల దివ్య అయినా ‘గెలిచింది’, ‘ఓడింది’ అనే రాస్తారు. ఇంట్లో, బడిలో పెద్దవారికి తప్పనిసరి అయిన ‘గెలిచారు’ సన్మానసభల వార్తల్లోనే కనిపిస్తుంది. క్రియలో చోటు దొరకని వయసు విశేషణంలోకి చేరుతుంది: ఒకరు ‘వెటరన్’, మరొకరు ‘టీనేజ్ సంచలనం’. తెలుగు పాఠకుడికి ఇది బ్యాడ్మింటన్ నుంచీ పరిచితమే. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్‌లో 28 ఏళ్ల సైనా నెహ్వాల్ 22 ఏళ్ల పి.వి. సింధును 21–18, 23–21తో ఓడించారు. వారి మధ్య వయసు తేడా అయిదేళ్లే అయినా కథనం మాత్రం రెండు తరాలదిగానే సాగింది.

అయితే ఈ విశేషణాలు ఎదురెదురుగా కూర్చున్నప్పుడే పుడతాయి. ఒకే వైపు కూర్చున్నప్పుడు వాటి అవసరం పెద్దగా ఉండదు. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత మహిళల జట్టు తొలిసారి స్వర్ణం గెలిచింది. హంపి ఆ జట్టులో లేరు. మొదటి బల్లపై 33 ఏళ్ల హారిక, మూడో బల్లపై 18 ఏళ్ల దివ్య ఆడారు. దివ్యకు బల్లవారీ వ్యక్తిగత స్వర్ణం కూడా దక్కింది. పది నెలల తరువాత బటుమి క్వార్టర్ ఫైనల్‌లో వారిద్దరూ ఎదురుపడ్డారు. క్లాసికల్ ఆటలు రెండూ డ్రా కాగా, టైబ్రేక్‌లో రెండు ఆటలూ దివ్యవే.