హాలీ, కల్దారు, రోగి మూట

వైద్యము కొఱకు పరదేశమునకు పోవువాడు రూపాయలను డాలర్లుగనో థాయి బాట్లుగనో మార్చుకొని పోవుట నేడు వింత గాదు. కాని నల్లగొండ నుండి మదనపల్లెకు, అనగా తెలుగు మాటాడు ఊరినుండి తెలుగు మాటాడు ఊరికే, క్షయరోగిని వెంటగొని పోవువాడును ముందుగా తన సొమ్మును మార్చుకొనక కదలలేని కాలమొకటి మన తాతల యెఱుకలోనే యుండెననిన ఈ తరమువారు నమ్మజాలరు.

నల్లగొండ యున్న నిజాము రాజ్యమున చెల్లునది హాలీ సిక్కా. 1857 నాటి తిరుగుబాటు పిమ్మట మొగలు పాదుషా పేరు తొలగి అసఫ్‌జాహీల పేరున వెలువడిన రూపాయి యిది. మదనపల్లె యున్న ఆంగ్లేయుల యేలుబడిలోని సీమలలో చెల్లునది కల్దారు. 'కల్' అనగా యంత్రము. యంత్రముపై అచ్చువడినది గనుక దాని కాపేరు వచ్చెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో హైదరాబాదు టంకశాలయు చార్మినారు బొమ్మతో యంత్రముపైననే రూపాయలను అచ్చొత్తసాగెను గాని, అలవాటుపడిన నాలుక కల్దారను మాటను ఆంగ్లేయుల రూపాయికే యుంచుకొనెను. హాలీ రూపాయి తూకమునను, వెండిపాలునను రెండవదానికి తక్కువ. కడపట స్థిరపడిన లెక్క ఆఱు కల్దార్లకు ఏడు హాలీలు; 100 కల్దార్లు చేత పడవలెనన్న 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ లెక్కించి ఈయవలెను. నాణెములు మార్చు షరాబు పుచ్చుకొను వట్టము దీనికి అదనము.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున క్రైస్తవ మిషనులు కూడి నెలకొల్పిన క్షయ చికిత్సాలయము 1915లో తెఱవబడి, డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రీమొట్ మోలరు ఆధిపత్యమున ప్రసిద్ధి గాంచెను. స్ట్రెప్టోమైసిను మందు రాకమునుపు ఆ రోగమునకు విశ్రాంతియు, శుభ్రమైన గాలియు, పుష్టికరమైన ఆహారమే ముఖ్యమైన దిక్కు. వానితో నెలలు గడువవలెను, ఒక్కొక్కప్పుడు ఏండ్లును గడువవలెను. కావున మూట కట్టుకొని పోయిన సొమ్ముతో తీరు వ్యయము కాదది. నెలనెలకు ఇంటినుండి రావలసిన సొమ్ము నెలనెలకును మారవలసినదే. పెండ్లి చీరలకు బొంబాయి పోవువాడు ధర నచ్చకున్న షరాబు అరుగు దిగి రేపు వత్తుననవచ్చును. రక్తము కక్కుచున్న అన్నను బండిలో పరుండబెట్టి వచ్చినవానికి రేపు లేదు. ఆ సంగతి షరాబునకును తెలియును.

ఇట్టివారికి హుండీ కొంత ఊరట. హైదరాబాదు బేగంబజారులోని సాహుకారు దుకాణమున సొమ్ము కట్టి, అతని పాలివాడో ఎఱిగినవాడో యున్న మఱియొక పట్టణము పేర చీటి వ్రాయించుకొనిన, ఆ పట్టణమున అది సొమ్ముగా మారును. చూపినంతనే చెల్లునది దర్శనీ. గడువు తీఱిన పిమ్మట చెల్లునది ముద్దతీ. బజారున పరువు గల షావుకారు ద్వారమున గాని చెల్లనిది షాజోగ్. దీనిని దొంగిలించినవాడు పరువుగల పెద్దమనిషి నొకనిని తోడు తెచ్చుకొన్నగాని చిల్లిగవ్వ పొందజాలడు. చీటి పోయెనా, పేఠు అను మాఱుచీటి. అదియు పోయిన పర్‌పేఠు. పోయిన కార్డును ఆపించి క్రొత్తదానిని తెప్పించుకొను ఈనాటి యేర్పాటున మన పూర్వులకు అచ్చెరువు గొలుపునది, ఆ వేగము తప్ప, ఏమియు లేదని నా తలంపు.

ఇందలి వింత యేమనగా, అదే కాలమున కువైటునుండియో బహ్రెయినునుండియో సముద్రము దాటి బొంబాయి వైద్యునికడకు వచ్చు అరబ్బు రోగికి ఈ బెడద లేకుండెను; ఏలయన ఆ దేశములలో చెల్లునది మన భారత రూపాయియే. బంగారపు దొంగవర్తకము మితిమీఱుటచే, రిజర్వు బ్యాంకు గల్ఫు దేశములకు వేఱు నోట్లను 1959లో వెలువరించువఱకు ఆ వెసులుబాటు సాగినది. హైదరాబాదు కథ వేఱు: 1948 పిమ్మట రాజ్యము భారతదేశమున కలియగా, 1950లో భారత రూపాయి ప్రవేశించియు, హాలీ కొన్నాళ్లు దానితోపాటు చేతులు మాఱుచుండి, 1959లో చెల్లుబాటు కోలుపోయెను. రాజ్యపు ఎల్ల యొకటి, భాష యెల్ల యొకటి, నాణెపు ఎల్ల వేఱొకటి. ఈ మూడింటిలో రోగి సంచిని తడిమి చూచినది కడపటిదే.

షరాబు అరుగు పోయినను వట్టము పోలేదు. పరదేశపు ఆసుపత్రిలో మన కార్డు గీచినప్పుడు, వాడుకకు వచ్చిన విదేశ మారకపు రుసుము పేరిట, పలు బ్యాంకులు నూటికి రెండు మూడు రూపాయలు కోసికొనుచునే యున్నవి. ఆపైన యంత్రమే ఆదరముతో, ఈ మొత్తమును మీ రూపాయలలో చెల్లింతురా, ఇచటి నాణెములో చెల్లింతురా అని యడుగును. రూపాయ యనునది మన కంటికి తెలిసిన లెక్క గనుక చేయి దానిపైకే పోవును. కాని ఆ రూపాయల లెక్కకు వాడు మారకపు ధర యంత్రము వెనుకనున్న వ్యాపారి నిర్ణయించినది, తఱచు మన బ్యాంకు ధరకంటె ప్రియమైనది. కావున, రోగి ప్రక్కన నిలిచి తొందరలో నున్న చదువరీ, ఆ ప్రశ్న కనబడినప్పుడు ఆ దేశపు నాణెమునే యెంచుకొనుము.