నొప్పి తెలియని పాదం: వేలూరు నేర్పిన పాఠం

చక్కెర వ్యాధిగ్రస్తులు ధరించే మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులను మీరు చూసే ఉంటారు. వాటి కథ మన పొరుగునున్న వేలూరులో, కుష్ఠురోగుల పాదాల వద్ద మొదలైంది.

పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. ఆయన 1914లో తమిళనాట కొల్లిమలలో మిషనరీ దంపతులకు జన్మించారు. కుష్ఠు సోకితే మాంసం దానంతటదే కుళ్లి, వేళ్లు రాలిపోతాయని ఆనాడు పలువురు నమ్మేవారు. బ్రాండ్, ఆయన సహచరులు రోగుల పుండ్లను ఓపికగా పరిశీలించి అసలు కారణాన్ని గుర్తించారు. ఆ వ్యాధి నరాలను దెబ్బతీసి స్పర్శను హరిస్తుంది. స్పర్శ లేనివారికి చెప్పులో దిగిన మేకు తెలియదు, నిప్పు సెగ తెలియదు. గాయపడిన కాలితోనే నడుస్తూ ఉంటే ఆ గాయం పుండుగా మారుతుంది. ప్లాస్టరు కట్టు వేసి ఒత్తిడి తప్పిస్తే, అటువంటి పుండ్లు కూడా మానాయి.

మానిన పుండు తిరగబెట్టకుండా చూడటం మరొక సమస్య. అందుకే ఒత్తిడి ఒకేచోట పడక అరికాలంతటా పరచుకొనేలా, సూక్ష్మరంధ్రాలు గల మెత్తని రబ్బరుతో చెప్పులు చేయించారు. 1966లో బ్రాండ్ అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కార్విల్ కుష్ఠు వైద్యశాలకు వెళ్లారు. మధుమేహం వల్ల స్పర్శ కోల్పోయిన పాదాలకూ ఈ పద్ధతులు పనికివస్తాయని అక్కడ స్పష్టమైంది. పుండు పడబోయే చోట చర్మం ముందుగానే వేడెక్కుతుందని కూడా గమనించారు.

నొప్పి లేదు గనుక కాలు బాగున్నదని తలచి, ఆలస్యం చేసి, కాలు పోగొట్టుకొనేవారు నేటికీ ఉన్నారు. మీకు మధుమేహం ఉంటే, ప్రతి రాత్రి పాదాలను పరీక్షించుకోండి. అరికాళ్లను అద్దంలో చూసుకోండి. చూపు మందగించిన పెద్దల పాదాలను ఇంటివారు చూడాలి. కడిగిన తరువాత వేళ్ల సందులను పొడిగా తుడవండి. ఒక పాదంలో ఏదైనా చోటు ఎర్రబడినా, రెండవ పాదం కన్నా వేడిగా తోచినా వెంటనే వైద్యునికి చూపండి. ఆనెకాయలను బ్లేడుతో కోయకండి. బూట్లు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడండి. గుడి ప్రదక్షిణకు రాళ్లు కాలని వేళ వెళ్లండి. ఏడాదికొకసారైనా నైలాన్ పోగుతో చేసే స్పర్శ పరీక్ష చేయించుకోండి; దానికి పట్టేది కొద్ది నిమిషాలే.