సంఘం పాత కంప్యూటరు కథ: పెట్టె కన్నా అక్షరం ముఖ్యం



మొన్నటి సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదువుతుంటే ఒక పద్దు దగ్గర నాలుగైదు గొంతులు ఒక్కసారే లేచాయి. "2008 నాటి కంప్యూటరు అది. దానికి ఇంకా డబ్బు తగలెయ్యడం ఏమిటి? కొత్తది కొనేస్తే పోదా?" అన్నారు. అడిగినవారి తప్పేమీ లేదు. చిట్టాలో మేము రాసింది "కంప్యూటరు బాగుచేత" అని రెండే ముక్కలు. దాని వెనకున్న చరిత్ర రాయలేదు. అది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే. అయినా ఓపిక చేసుకొని చదవండి, చివర్లో మీతో ఒక పని ఉంది.

ముందు ఊరి సంగతి. బరంపురంలో ఉన్నవారికి తెలిసిందే గానీ, బయట పుట్టి పెరుగుతున్న మన పిల్లల కోసం చెబుతున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. అంతకు ముందురోజు వరకూ మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ రాత్రి ఎవరూ మూటాముల్లె సర్దుకోలేదు. ఇళ్లూ, మగ్గాలూ, బావులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మారినవల్లా మన చుట్టూ ఉన్న ఏర్పాట్లు. అంతకుముందు మద్రాసు హైకోర్టుకి వెళ్లే అప్పీళ్లు పట్నా హైకోర్టుకి మళ్లాయి. 1948లో కటకంలో హైకోర్టు వచ్చేదాకా అంతే. ఆ తరువాత తరాల్లో పిల్లలు ఒడియా బడికి వెళ్లారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు. ఇవాళ మన పిల్లల్లో ఎక్కువమందికి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు.

ఇది తెలిసే మా సంఘం 2008లో చందాలు వేసుకొని ఆ కంప్యూటరు కొన్నది. ఏటా ఉగాదికి ఒక సంచిక తేవాలి, పెద్దల జ్ఞాపకాలు రాసి పెట్టాలి. అదీ సంకల్పం. కోర్ టూ డ్యుయో ప్రాసెసరు, ఒక జీబీ మెమరీ, బోర్డులోనే కలిసివున్న గ్రాఫిక్సు, విండోస్ ఎక్స్‌పీ, బుడ్డ మానిటరు. పేజీలు పెట్టడానికి పేజ్‌మేకరు. తెలుగు కొట్టడానికి ఒక ఫాంటు ప్యాకేజీ. దానితోపాటు కంప్యూటరు వెనక ప్రింటరు పోర్టుకి తగిలించే చిన్న తాళం. ఆ తాళం ఉంటేనే ప్యాకేజీ పనిచేస్తుంది.

ఇక్కడ ఒక విషయం అర్థమైతే తక్కిన కథంతా అర్థమవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లో మొదటి కూర్పులోనే దొరికింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చినప్పుడే గౌతమి ఫాంటుతో తెలుగుని తెచ్చింది. కానీ పేజ్‌మేకరుకి యూనికోడ్ తెలియదు. అందుకని ప్రెస్సుల వాళ్లంతా పాత పద్ధతి ఫాంట్లే వాడేవారు. ఆ పద్ధతిలో కంప్యూటరు లోపల తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకీ, గుర్తులకీ కేటాయించిన 256 గడుల్లో తెలుగు ముక్కలు బొమ్మలుగా కూర్చోబెట్టేవారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు ఇంకొకచోట. తెర మీద చదివేది మనం గనక అది తెలుగే. కంప్యూటరు లెక్కలో మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు. ఒక కంపెనీ ఫాంటులో "అ" ఉన్న గడిలో ఇంకో కంపెనీ ఫాంటులో "ళ" ఉండవచ్చు.

మాకు అప్పట్లో ఇదేమీ తెలియదు. టైపు చేశాం, అచ్చు వేశాం, సంతోషించాం. 2010లో మా సంఘంలో అందరికన్నా పెద్దాయన చేత ఆయన చిన్ననాటి కబుర్లు చెప్పించుకున్నాం. 1936 నాటికి ఆయనకి పదేళ్లు. ఆదివారం ఆదివారం వచ్చి కూర్చొని చెప్పేవారు, మేము టైపు చేసేవాళ్లం. పెద్దబజారులో పట్టు వ్యాపారం, ఠాకురాణి యాత్రలో వేసే వేషాలు, బళ్లో తెలుగు మాస్టారు కొట్టిన బెత్తం దెబ్బలు, అన్నీ కలిపి 60 పేజీల పైచిలుకు. సంచికలో వేసింది నాలుగు పేజీలే. మిగతాది "తరువాత పుస్తకం వేద్దాం" అని డి డ్రైవ్‌లో ఉంచాం.

2014 ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. అందరూ మార్చేస్తున్నారు, మనమూ మారుద్దామనుకున్నాం. మెమరీ నాలుగు జీబీలకి పెంచాం. మా బోర్డు అంతకు మించి పట్టదు. 64 బిట్ విండోస్ 7 వేయించాం. ఎక్స్‌పీ మీద నుంచి 7కి నేరుగా, ఉన్నవి ఉన్నట్టు మారే దారి లేదు. ఇల్లు ఖాళీ చేసి మళ్లీ గృహప్రవేశం చేసుకోవలసిందే. వచ్చిన కుర్రాడు మంచివాడే. "ఆజ్ఞా, మీ ఫైళ్లు ఏ డ్రైవ్‌లో ఉన్నాయి?" అని అడిగాడు. డి డ్రైవ్ అన్నాం. సి డ్రైవ్ తుడిచేశాడు. ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి.

మర్నాడు పెద్దాయన జ్ఞాపకాల ఫైలు తెరిచాం. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నక్షత్రాలు. ఒక్క తెలుగు ముక్క లేదు. ఫాంట్లు ఉండేది సి డ్రైవ్‌లో అని మాకు అప్పుడు తెలిసింది. ప్యాకేజీ మళ్లీ వేద్దామంటే తాళం ఒప్పుకోలేదు. 64 బిట్ విండోస్ డిజిటల్ సంతకం ఉన్న డ్రైవర్లనే లోపలికి రానిస్తుంది. మా తాళం డ్రైవరు పాతకాలానిది, దానికి ఆ సంతకం లేదు. ఏ అక్షరమూ పోలేదు, కానీ చదవడానికి ఒక్క అక్షరమూ మిగల్లేదు.

ఆ ఏడాదే పెద్దాయన కాలం చేశారు. పన్నెండో రోజు భోజనాల దగ్గర ఆయన కొడుకు, "నాన్నగారు చెప్పినవన్నీ మీ దగ్గర ఉన్నాయి కదా" అన్నారు. ఉన్నాయన్నాం. అబద్ధం కాదు. నిజమూ కాదు.

సంచిక అచ్చు వేసిన ప్రెస్సాయన దగ్గరికి పరుగెత్తాం. మా అదృష్టం కొద్దీ ఆయన దగ్గర ఆ ఫాంట్లున్న పాత కంప్యూటరు ఇంకా నడుస్తోంది. అక్కడే ఫైళ్లన్నీ తెరిచి రెండు పనులు చేశాం. ఒకటి, ఫాంటుని లోపలే ఇమిడ్చి పీడీఎఫ్‌లు చేశాం. రెండు, అన్నీ కాగితం మీద అచ్చు తీశాం. పీడీఎఫ్ ఎక్కడైనా కనిపిస్తుంది. కానీ అది ఫొటో లాంటిది. అందులో వెతకలేం, దిద్దలేం. అసలు పని యూనికోడ్‌లోకి మార్చడం.

మార్చే సాఫ్ట్‌వేర్లు దొరికాయి. కానీ వాటిని నమ్మి నిద్రపోయే వీల్లేదు. "పక్కి" అనే మాట చూడండి. పాత ఫాంటులో ముందు గుడితో సహా "కి" బొమ్మ, తరువాత దాని కింద క ఒత్తు. యూనికోడ్‌లో క, పొల్లు, క, ఆ తరువాత గుడి. వరుస తిరగబడాలి. ప్రతి ఒత్తు దగ్గరా యంత్రం సరిగ్గా తిప్పిందో లేదో మనిషి చూడాలి. అచ్చు కాగితం ఒక పక్కన, తెర ఒక పక్కన పెట్టుకొని రిటైరైన ఇద్దరు మాస్టార్లు మాటమాటా సరిచూశారు. సంవత్సరాలు పట్టింది.

ఈ సరిచూడడం దగ్గరే గ్రాఫిక్స్ కార్డు సంగతి వస్తుంది. 2020 జనవరి 14తో విండోస్ 7 కాలం తీరింది. విండోస్ 10 వేశాం. పాత హార్డ్ డిస్కు తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాం. అంతవరకూ బాగానే ఉంది. బుడ్డ మానిటరు పోయి, ఒక సభ్యుడు ఇచ్చిన వెడల్పాటి మానిటరు వచ్చింది. మా బోర్డులోని గ్రాఫిక్సుకి విండోస్ 10లో సరైన డ్రైవరు లేదు. అత్యవసరానికి వాడే మామూలు డ్రైవరుతో నడిచింది. 1920 చుక్కల వెడల్పున్న తెర మీద 1024 చుక్కల బొమ్మని సాగదీసి చూపించేది. ఇంగ్లీషు సాగితే ఎలాగో చదువుకోవచ్చు. తెలుగులో ఒత్తులే చిన్నవి, అందులోనూ అడుగున ఉంటాయి. అవి అలికినట్టు అయిపోయేవి. ప, ష, ఫ ఒకేలా కనిపించేవి. మాస్టార్లిద్దరికీ శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి. "కళ్లు బాగుచేయించుకున్నాం, మీ కంప్యూటరుకి ఎప్పుడు చేయిస్తారు?" అన్నారు ఒకాయన.

అందుకని జీటీ 710 అనే చిన్న కార్డు కొన్నాం. ఆటలాడుకునేవాళ్లు దీన్ని చూసి నవ్వుతారు. మాకు కావలసినవి మూడే. విడిగా కరెంటు తీగ అడగకూడదు, చప్పుడు చేయకూడదు, హెచ్‌డీఎంఐ ఉండాలి. ఈ కార్డు తినేది 19 వాట్లే. బోర్డు మీది స్లాటు 75 వాట్ల దాకా ఇవ్వగలదు, కాబట్టి పాత పవర్ సప్లయి మీద బరువు పడదు. ఫ్యాను లేని రకం కాబట్టి దుమ్ము లాగదు. కొత్త కార్డు పాత స్లాటులో పడుతుందా అని భయపడ్డాం. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో పాతా కొత్తా కలిసి పనిచేసేలా ముందే కట్టారు.

కార్డు పెట్టాక తెర నల్లగా ఉండిపోయింది. అరగంట కంగారు పడ్డాక తెలిసింది, మానిటరు తీగ పాత అలవాటున బోర్డుకే తగిలించాం. కార్డుకి మార్చగానే తెలుగు అద్దంలా వచ్చింది. ఇంకో ముచ్చట. ఏ వెబ్‌సైటూ తెరుచుకోకపోతే కార్డుని అనుమానించాం. అసలు దోషి బోర్డు మీద ఉండే బిళ్లంత బ్యాటరీ. అది చచ్చిపోయి, ఆపినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు. చిల్లర ఖర్చుతో అదీ తీరింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10 వంతు కూడా వచ్చింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 మా బోర్డులో లేదు, ప్రాసెసరు కూడా చెల్లదు. కొత్తది కొనాలా అన్న మీ ప్రశ్న మేమూ వేసుకున్నాం. కానీ ఈసారి మా ఫైళ్లన్నీ యూనికోడ్‌లో ఉన్నాయి. లినక్స్ మింట్ వేసి చూశాం. డబ్బు కట్టనక్కర్లేదు, ఆ చిన్న కార్డుని అదే గుర్తుపట్టింది. పెద్దాయన ఫైలు తెరిచాం. ఒక్క అక్షరం చెదరలేదు. ఏ ప్యాకేజీ లేదు, ఏ తాళం లేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తీర్చిదిద్దిన పోతన ఫాంటు పెట్టి చూశాం, అదే మాట ఇంకా అందంగా వచ్చింది. మొదటి మార్పులో అన్నీ పోగొట్టుకున్నంత పని అయింది. ఈ మార్పు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. తేడా పెట్టెలో లేదు. తేడా అక్షరాన్ని ఎలా దాచుకున్నామన్న దానిలో ఉంది.

ఇంకో లాభం మేము ఊహించనిది. యూనికోడ్‌లో మన భాషల గడులు 1988 నాటి ఇస్కీ ప్రమాణం వరుసనే అనుసరించాయి. తెలుగు గడిలో "క" ఎన్నో స్థానంలో ఉందో, ఒడియా గడిలోనూ "క"ది అదే స్థానం. కాబట్టి తెలుగు ఫైలుని ఒడియా లిపిలోకి మార్చడం కంప్యూటరుకి చిన్న పని. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు కాబట్టి ఆ రెండింటినీ దీర్ఘాల్లోకి కలపాలి, అంతే. పెద్దాయన మునిమనవరాలికి తెలుగు లిపి రాదు. ఆమె కోసం మొదటి పది పేజీలు ఒడియా లిపిలో తీసి ఇచ్చాం. ఆఫీసులోనే కూర్చొని పైకి చదివింది. ఒకచోట ఆగి, "తాతగారు మెడకి నూనె రాశారా, మేడకి రాశారా?" అని అడిగింది. అందరం నవ్వాం. తరువాతి వారం నుంచి ఆదివారం క్లాసుకి వస్తోంది, తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి. మెడకీ మేడకీ తేడా తెలియాలి గదా అంది.

ఇదీ ఆ పద్దు వెనకున్న కథ. ఇక మీతో పని. మీ ఇళ్లలో పాత సీడీలు, ఫ్లాపీలు, మూలపడ్డ హార్డ్ డిస్కులు ఉంటే చూడండి. వంశవృక్షాలు, శుభలేఖలు, పెద్దవాళ్ల ఉత్తరాలు, హరికథలు, ఏవైనా పాత ఫాంట్లలో టైపు చేసినవి ఉండవచ్చు. తెరిస్తే చెత్తలా కనిపించినా పారెయ్యకండి, అది చెత్త కాదు. ఏ ఫాంటుతో కొట్టారో, ఎవరు టైపు చేశారో, గుర్తున్నది చీటీ మీద రాసి సంఘం ఆఫీసుకి ఇవ్వండి. కంప్యూటరు మార్చబోయే ముందు ఫాంట్ల ఫోల్డరు కూడా కాపీ చేసుకోండి. తెలుగు చదవగలిగి, ఆదివారం రెండు గంటలు ఇవ్వగలిగిన వారు సరిచూడడానికి రండి. మాస్టార్లు పెద్దవారయ్యారు, వారి పక్కన ఇంకా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

పెద్దాయన పుస్తకం వచ్చే ఉగాదికి రెండు లిపుల్లో తేవాలని అనుకుంటున్నాం. కంప్యూటరు అప్పటిదాకా నడుస్తుందా అంటే, నడుస్తుందనే మా నమ్మకం. నడవకపోయినా ఫరవాలేదు. ఈసారి ఏ పెట్టెలోనైనా ఆ పుస్తకం తెరుచుకుంటుంది.