వేటకు స్థలాకృతి పటాల సాఫ్ట్‌వేర్ (అమెరికా పశ్చిమ రాష్ట్రాలు)

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్, మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్ వంటి జంతువుల వేటకు వెళ్లేవారు కొండలు, లోయలు, నీటి వనరులు, దారులు, భూమి హద్దులు ముందుగా చూసుకోవడానికి వాడే కంప్యూటర్ ప్రోగ్రాములు, ఫోన్ యాప్‌లు ఈ కోవలోకి వస్తాయి. సీజన్‌కు నెలల ముందు ఇంట్లో కూర్చుని చేసే ఈ పరిశీలనను అక్కడివారు ఈ-స్కౌటింగ్ అంటారు. మార్కెట్లో ఇలాంటివి చాలానే ఉన్నా, ఎత్తుపల్లాల సమాచారం దాదాపు అన్నిటికీ ఒకే ప్రభుత్వ మూలం నుంచి, అదీ ఉచితంగా వస్తుంది. అసలు తేడాలు రెండు చోట్ల తేలతాయి: భూమి ఎవరిదో చూపే లేయర్‌లోను, సిగ్నల్ అందని చోట పనిచేసే తీరులోను. ప్రకటనల్లో మాత్రం ఈ రెండిటికన్నా త్రీడీ బొమ్మలే ఎక్కువ కనిపిస్తాయి.

పటాల మూలం

ఈ ప్రోగ్రాములకు పునాది అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ తయారుచేసిన పటాలు. 1879లో ఏర్పడిన ఈ సంస్థ 20వ శతాబ్దం రెండో సగంలో దేశాన్ని 7.5 నిమిషాల అక్షాంశ రేఖాంశాల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి 1:24,000 స్కేలులో ఒక్కో షీటు గీసింది. అలాస్కా, హవాయి మినహా 48 రాష్ట్రాలకు ఇలాంటి షీట్లు సుమారు 55,000 పట్టాయి. కాగితం మీద ఒక అంగుళం అంటే నేల మీద 2,000 అడుగులు.

1990లలో పటాలు సీడీల్లోకి ఎక్కాయి. నేషనల్ జియోగ్రాఫిక్ స్కాన్ చేసిన షీట్లను రాష్ట్రాలవారీగా అమ్మింది. డెలోర్మ్ కంపెనీ సొంత పటాలతో టోపో యూఎస్ఏ తెచ్చింది. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో ప్రభుత్వం కావాలని కలిపే తేడాను 2000 మే నెలలో ఆపేయడంతో చేతిలో పట్టే జీపీఎస్ పరికరాలు వేటగాళ్లకు నిజంగా అక్కరకొచ్చాయి. డెలోర్మ్‌ను 2016లో గార్మిన్ కొనేసింది. ఈలోగా ఫోన్లు వచ్చి సీడీల కాలం చెల్లిపోయింది.

2009 నుంచి యూఎస్‌జీఎస్ తన షీట్లను యూఎస్ టోపో పేరుతో డిజిటల్ రూపంలో ఉచితంగా ఇస్తోంది. ఇవి కంప్యూటర్ డేటా నుంచి తయారైనవి. అందువల్ల పాత సర్వేయర్లు నేల మీద తిరిగి గుర్తించిన ఊటలు, గుడిసెలు, గనుల గుర్తులు కొన్ని వీటిలో కనబడవు. ఎండాకాలం చివర ఎల్క్ మందను వెతికేవారికి ఒక్క ఊట గుర్తు దొరికినా చాలు కాబట్టి, పాత షీటును కూడా ఒక లేయర్‌గా తెరిచే ప్రోగ్రాము మేలు. పాత షీట్లతో ఒక చిక్కుంది. వాటిలో చాలావరకు ఎన్‌ఏడీ 27 అనే పాత కొలమాన వ్యవస్థపై గీసినవి, జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84. కాగితం నుంచి అంకెలు చూసి పరికరంలోకి ఎక్కించేటప్పుడు ఈ సెట్టింగ్ మార్చకపోతే పశ్చిమ రాష్ట్రాల్లో గుర్తు పెట్టిన చోటు 100 మీటర్ల వరకు పక్కకు జరుగుతుంది. చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి అంకెల్లోనైతే ఉత్తర దిశలో తేడా సుమారు 200 మీటర్లు.

ఎత్తుపల్లాలను చదవడం

పటం మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు సమోన్నత రేఖలు. పశ్చిమాన కొండ ప్రాంతాల షీట్లలో ఒక రేఖకూ మరో రేఖకూ మధ్య ఎత్తు తేడా సాధారణంగా 40 అడుగులు. 1:24,000 షీటు మీద పావు అంగుళంలో ఇలాంటి ఐదు అంతరాల ఎత్తు ఉందనుకుంటే, 500 అడుగుల దూరంలో నేల 200 అడుగులు లేచినట్టు. అంటే 40 శాతం వాలు, సుమారు 22 డిగ్రీలు. వీపున బరువుతో ఎక్కేవాడికి ఆయాసం తెప్పించే వాలే గాని, ఎల్క్ దాన్ని లెక్కచేయదు. రేఖలు దగ్గరదగ్గరగా సాగి ఒకచోట ఉన్నట్టుండి ఎడం పెరిగితే అక్కడ కొండవాలులో చదునైన మెట్టు ఉందన్నమాట. పగటిపూట జంతువులు పడుకునేందుకు ఎంచుకునే చోట్లలో ఇలాంటి మెట్లు, ముఖ్యంగా ఉత్తరం వైపు చెట్లున్న వాలుల మీదివి, ముందుంటాయి. రెండు శిఖరాల నడుమ కనుమ కనిపిస్తే అది ఒక లోయ నుంచి మరో లోయకు మందలు దాటే తోవ అయ్యే అవకాశం ఎక్కువ.

అయితే 40 అడుగుల ఎడంలో 30 అడుగుల మెట్టు కనబడకుండా పోవచ్చు. ఇక్కడే లైడార్ అక్కరకొస్తుంది. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, చెట్ల కొమ్మల సందుల్లోంచి నేలను తాకి తిరిగొచ్చినవాటితో ఎత్తును కొలుస్తారు. యూఎస్‌జీఎస్ త్రీడీఈపీ కార్యక్రమం కింద ఇలాంటి కొలతలు ఒక మీటరు వివరంతో దొరుకుతున్నాయి. ఈ డేటాను నీడలు వేసి చూపించే ప్రోగ్రాములో అడవి కింద దాగిన పాత కలప రోడ్లు, చిన్న మెట్లు బయటపడతాయి. వాలు కోణాన్ని రంగుల్లో చూపే లేయర్ మొదట మంచు కొండల స్కీయర్ల వల్ల పేరుపడింది. మంచుచరియలు విరిగిపడే వాలులు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటాయి కాబట్టి నవంబరు వేటకు వెళ్లేవారికీ అది పనికొస్తుంది.

గాలి సంగతి ఏ యాప్ నమ్మకంగా చెప్పలేదు. వాతావరణ సూచనలో కనిపించే గాలి వేరు, ఇరుకు లోయలో వీచేది వేరు. తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి దిగుతుంది, ఎండ తగిలాక పైకి తిరుగుతుంది, సాయంత్రం మళ్లీ దిగుతుంది. ఈ లెక్క తెలిసిన వేటగాడు పటంలో వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో చూసి, తన వాసన జంతువుకు తగలకుండా ఏ వైపు నుంచి వెళ్లాలో తేల్చుకుంటాడు.

హద్దులు

వేటగాళ్ల యాప్‌లను మామూలు ట్రెక్కింగ్ యాప్‌ల నుంచి వేరుచేసేది భూమి ఎవరిదో చూపే హద్దుల లేయరే. పశ్చిమాన ఫెడరల్ భూమి విస్తారంగా ఉంది. ఒక్క బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలోనే సుమారు 24.5 కోట్ల ఎకరాలు, అటవీ శాఖ కింద దాదాపు 19.3 కోట్ల ఎకరాలు. ఇందులో చాలాభాగం వేటకు అందరికీ తెరిచే ఉంటుంది. ప్రైవేటు భూమిలో అనుమతి లేకుండా అడుగుపెడితే కేసు. నేల మీద చూస్తే రెండిటికీ మధ్య కంచె ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఈ రెండు రకాల భూమి కలగలిసిపోవడానికి ఒక కారణం రైల్వేలు. 1862 పసిఫిక్ రైల్వే చట్టంతో మొదలుకొని రైల్వే కంపెనీలకు పట్టాల వెంట బేసి అంకెల సెక్షన్లు దానమిచ్చారు. సెక్షన్ అంటే ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. సరి అంకెలవి ప్రభుత్వం దగ్గరే ఉండిపోవడంతో దక్షిణ వ్యోమింగ్ వంటి చోట్ల భూమి చదరంగం బల్లలా తయారైంది. అక్కడ ఒక ప్రభుత్వ గడి నుంచి మరో ప్రభుత్వ గడికి మూల మీదుగా తప్ప దారి ఉండదు. ఇలా మూలల్లో చిక్కుకున్న ప్రభుత్వ భూమి 83 లక్షల ఎకరాలని వేటగాళ్ల యాప్ తయారుచేసే ఆన్‌ఎక్స్ కంపెనీ లెక్కగట్టింది.

వ్యోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు అలాంటి మూలను నిచ్చెనతో దాటారు. ప్రైవేటు నేలను తాకకుండా ఈ గడిలోంచి ఆ గడిలోకి దిగారు. క్రిమినల్ కేసులో 2022లో జ్యూరీ వారిని నిర్దోషులంది. భూ యజమాని వేసిన సివిల్ దావాలో 1885 నాటి అక్రమ కంచెల చట్టాన్ని ఆధారం చేసుకుని పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో వారి పక్షానే తీర్పు చెప్పింది. ఆ తీర్పు వర్తించేది ఆ కోర్టు పరిధిలోని రాష్ట్రాలకే. మోంటానా, ఐడహో దాని పరిధిలో లేవు.

ఈ కేసులో వేటగాళ్లు నేలలో పాతిన సర్వే గుర్తును వెతికి మరీ దాటారు. పటం మీద గీతను నమ్మి దాటి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. యాప్‌లలో హద్దులు ఎక్కువగా కౌంటీల పన్ను రికార్డుల నుంచి వస్తాయి, వాటిని సర్వే కొలతలుగా భావించకూడదు. ఫోన్ జీపీఎస్ కూడా ఆరుబయట ఆకాశం బాగా కనిపించినప్పుడే సుమారు 5 మీటర్ల తేడాలో పనిచేస్తుంది, నిటారు రాళ్ల మధ్య ఆ తేడా ఇంకా పెరుగుతుంది. రెండు తేడాలూ కలిసిన చోట అడుగుల లెక్కలో హద్దు తేల్చే శక్తి ఏ యాప్‌కూ లేదు. కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఈ లేయర్‌ను ఎన్నాళ్లకోసారి సరిచేస్తారన్నదే. మోంటానా బ్లాక్ మేనేజ్‌మెంట్ లాంటి పథకాల్లో రైతులు వేటకు తెరిచే భూములు ఏటా మారతాయి కాబట్టి వాటి లేయర్ పాతదైతే నష్టం మరీ ఎక్కువ. అడవి రోడ్లలో వాహనం ఎక్కడిదాకా వెళ్లనిస్తారో చూపే అటవీ శాఖ పటాలకూ ఇదే వర్తిస్తుంది.

సిగ్నల్ లేని చోట

పటాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇది అందరికీ తెలిసిన మాటే, పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. కొన్ని యాప్‌లలో సమోన్నత రేఖలు దిగుతాయి గాని ఉపగ్రహ చిత్రం దిగదు. కొన్నిటిలో విశాలమైన ప్రాంతాన్ని ఎంచుకుంటే వివరం తగ్గిపోతుంది. ఇంట్లోనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, కావలసిన చోటుకు జూమ్ చేసి, హద్దులు, పేర్లు, రేఖలు అన్నీ కనిపిస్తున్నాయో లేదో చూడటమే సరైన పరీక్ష. ఆ మోడ్‌లోనూ జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. చలికి లిథియం బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కనుక ఫోన్ లోపలి జేబులో ఉండాలి, దాని వెనక కాగితం పటం, దిక్సూచి ఉండాలి. పెట్టుకున్న గుర్తులన్నీ ఇతర యాప్‌లూ తెరవగల జీపీఎక్స్ ఫైలుగా బయటకు తీసుకోనివ్వని యాప్‌కు చందా కట్టడం అంత తెలివైన పని కాదు. ఏడాది తర్వాత మరో యాప్‌కు మారాలంటే పాత గుర్తులన్నీ వదులుకోవాలి.

ప్రోగ్రాములు

2009లో మోంటానాలో పుట్టిన ఆన్‌ఎక్స్ హద్దుల విషయంలో పేరు తెచ్చుకుంది. చందా ఒక రాష్ట్రానికి లేదా దేశమంతటికీ కట్టవచ్చు. గోహంట్, హంట్‌స్టాండ్ దాని పోటీదారులు. కాల్‌టోపో గాలింపు, రక్షణ బృందాల వాడకంలో ఎదిగింది. వాలు లెక్కలకూ పెద్ద తెర మీద ప్రణాళిక వేసుకోవడానికీ దానికి సాటి తక్కువ. గాయా జీపీఎస్ ట్రెక్కింగ్ వైపు మొగ్గింది. అవెంజా యాప్‌లో యూఎస్ టోపో షీట్లను నేరుగా తెరవవచ్చు. 2015 నుంచి ఉచితంగా దొరుకుతున్న గూగుల్ ఎర్త్ ప్రోలో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే కార్చిచ్చు మచ్చలు, వాటిలో మళ్లీ మొలిచిన పచ్చిక కనిపిస్తాయి. ఎల్క్ మేతకు అక్కడికే దిగుతుంది. ఒకే రాష్ట్రంలో వేటాడేవారికి హద్దుల యాప్ ఒకటి, ప్రణాళికకు కాల్‌టోపో, ఈ రెండూ చాలు.

భారతదేశంలో

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల భారతదేశంలో వేట నేరం. ఈ తరహా పటాలు ఇక్కడ ట్రెక్కింగ్‌కు, అటవీ సర్వేలకే పరిమితం. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు ప్రధానంగా 1:50,000 స్కేలువి. పటాల డేటాపై ఉన్న ఆంక్షలను కేంద్రం 2021 ఫిబ్రవరిలో చాలావరకు సడలించింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు స్వదేశానికి వచ్చేటప్పుడు ఒకటి గమనించాలి: అక్కడి కొండల్లో చాలామంది మోసే గార్మిన్ ఇన్‌రీచ్ వంటి ఉపగ్రహ సందేశ పరికరాలను అనుమతి లేకుండా భారతదేశానికి తేవడం చట్టవిరుద్ధం. విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవారు ఉన్నారు.