పట్టా ఎవరి పేరున? – ఆటోమన్ పాలన చివరి రోజుల పాలస్తీనా



పాలస్తీనా పేరు వార్తల్లో మనం తరచుగా వింటూనే ఉంటాం. కాల్పులు, చర్చలు, శరణార్థులు, ఐక్యరాజ్యసమితి తీర్మానాలు. విని విని అది ఒక దేశం పేరు కాదు, ఒక తగాదా పేరు అన్నంతగా మనకు అలవాటైపోయింది. ఆ తగాదా ముదరకముందు అక్కడ ఎవరుండేవారు? ఏ పంట పండించేవారు? పిల్లల్ని ఏ బడికి పంపేవారు? "మీదే ఊరు, మీరెవరు?" అని అడిగితే ఏమని జవాబు చెప్పేవారు? ఈ రోజు ఆ సంగతులే చెప్పుకుందాం.

1516లో ఆటోమన్ తురుష్కులు ఈ ప్రాంతాన్ని గెలుచుకున్నారు. నడుమ 1831 నుంచి 1840 దాకా ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ కొడుకు ఇబ్రహీం పాషా ఏలిన కాలం మినహాయిస్తే, 1917-18 వరకు, అంటే నాలుగు వందల ఏళ్లు, ఇస్తాంబుల్ సుల్తానులదే అధికారం. అయితే వారి దస్త్రాల్లో పాలస్తీనా అనే జిల్లా లేదు. జెరూసలేం జిల్లా 1870ల నుంచి నేరుగా ఇస్తాంబుల్ కింద ఉండేది. ఉత్తరాన ఉన్న నాబ్లస్, అక్కా జిల్లాలు 1888 తరువాత బేరూత్ రాష్ట్రం కిందికి వెళ్లాయి. జిల్లా పేరు లేదు కాబట్టి అలాంటి దేశమే లేదని వాదించేవారు ఉన్నారు. రాయలసీమ అనే పేరుతో రెవెన్యూ పటంలో జిల్లా లేదు. అంతమాత్రాన రాయలసీమవాళ్లు లేరని మనం ఒప్పుకుంటామా?

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అక్కడి జనాభా సుమారు 7 లక్షలని అంచనా. అందులో అత్యధికులు అరబ్బీ మాట్లాడే ముస్లిములు. అదే భాష మాట్లాడే క్రైస్తవులు, జెరూసలేం, హెబ్రోను, సఫద్, తిబేరియా పట్టణాల్లో తరతరాలుగా ఉన్న యూదులు, కొండల్లో డ్రూజులు, దక్షిణాన సంచార బెదూయిన్లు కూడా ఉండేవారు. చాలామంది పల్లెల్లో ఉండే రైతులే. కొండ వాలుల మీద ఆలివ్ చెట్లు, మైదానంలో గోధుమ, బార్లీ, నువ్వులు. సముద్రతీరాన జాఫా చుట్టూ నారింజ తోటలు.

నాబ్లస్ పట్టణం సబ్బుకు పేరుపొందింది. ఆలివ్ నూనెను, తూర్పు నుంచి బెదూయిన్లు తెచ్చే ఒక మొక్క బూడిదతో కలిపి పెద్ద రాగి గంగాళాల్లో రోజుల తరబడి ఉడికించేవారు. దాన్ని మేడమీది గచ్చునేల మీద పోసి, ఆరాక ముక్కలుగా కోసి, గాలి తగిలేలా గుండ్రటి గోపురాల్లా పేర్చేవారు. ఆ సబ్బు ఎక్కువగా ఈజిప్టుకు వెళ్లేది. ఇరవయ్యో శతాబ్దం మొదటికి ఆ ఒక్క ఊళ్లో ముప్పై దాకా కర్మాగారాలు ఉండేవి. నూనె కోసం వర్తకులు పంట చేతికి రాకముందే పల్లెవాళ్లకు అప్పు ఇచ్చేవారు. కాపు సరిగా లేని ఏడు ఆ అప్పు మరుసటి ఏటికి పాకేది. ఆ లెక్క ఎక్కడికి పోయి ఆగుతుందో పల్లెల్లో పుట్టిన మీకు నేను చెప్పనక్కరలేదు.

జాఫా నారింజ కథ వేరు. దళసరి తొక్క, కొద్దిపాటి గింజలు ఉన్న షమూతీ రకం ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసినా చెడదు. జాఫాకు సరైన రేవు కూడా లేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తే, పడవవాళ్లు రాళ్ల మధ్య నుంచి తెడ్లు వేసుకుంటూ పెట్టెలు చేరవేసేవారు. అలా 1913లో ఎగుమతి అయినవి సుమారు 16 లక్షల పెట్టెలు! 1892లో జాఫా నుంచి జెరూసలేంకు రైలు వచ్చింది. ఆ రైలు మార్గానికి సుల్తాను నుంచి అనుమతి సంపాదించినవాడు జెరూసలేంలోనే పుట్టిన యోసెఫ్ నవోన్ అనే యూదు. తరువాత హైఫాను డమాస్కస్ మార్గంతో కలుపుతూ 1905లో మరో రైలు మార్గం పూర్తయింది. ఊళ్లలో గడియార స్తంభాలు లేచాయి. ప్రార్థన పిలుపును బట్టి పొద్దు లెక్కపెట్టుకునేవాళ్లు తలెత్తి ముల్లు చూడటం నేర్చుకున్నారు.

ఈ మార్పులన్నిటికంటే లోతుగా పల్లెను కదిలించింది భూమి చట్టం. కొంచెం ఓపికగా వినండి. తరువాతి కథ అంతటికీ ఇదే మూలం.

మైదానప్రాంతపు పల్లెల్లో చాలాచోట్ల పొలం ఉమ్మడిది. దాన్ని ముషా అనేవారు. కొన్నేళ్లకొకసారి చీట్లు వేసి కుటుంబాల మధ్య భాగాలు మార్చుకునేవారు. మంచి నేల, రాతి నేల అందరికీ వంతులవారీగా వచ్చేది. 1858లో ఆటోమన్ ప్రభుత్వం కొత్త చట్టం చేసింది. ప్రతి చెక్కా ఎవరో ఒకరి పేరున నమోదు కావాలి, పట్టా పొందాలి. ఉద్దేశం చెడ్డది కాదు. మధ్య దళారీలు లేకుండా శిస్తు నేరుగా ఖజానాకు చేరాలన్నదే. ఆ తరువాత కొన్నేళ్లకు ఊరికొక ముఖ్తారును కూడా ఏర్పాటు చేశారు. ముఖ్తారు అంటే ఎన్నుకోబడినవాడు. మన వకీళ్లు రాసే ముక్త్యారునామాలో ఉన్నది ఆ మాటే.

అయితే రైతు ఆ చట్టాన్ని ఎలా అర్థం చేసుకున్నాడు? కచేరీలో పేరు రాయించుకుంటే ముందు శిస్తువాడు వస్తాడు, వెనకే సైన్యంలోకి మనుషుల్ని పట్టుకుపోయేవాడు వస్తాడు. ఆ భయం ఊరకే పుట్టింది కాదు. ఇబ్రహీం పాషా కాలంలో నిర్బంధ సైనిక భర్తీకి ఎదురుతిరిగి 1834లో నాబ్లస్, హెబ్రోను, జెరూసలేం ప్రాంతాల రైతులు పెద్ద తిరుగుబాటు చేశారు. దాన్ని రక్తపాతంతో అణచివేశారు. తాతలు చెప్పిన ఆ కథ మనవలకు గుర్తుంది. అందుకని కొందరు తమ పొలాన్ని పట్నంలోని పెద్దమనిషి పేరున రాయించారు. కొందరు ఊరిపెద్ద పేరున రాయించారు. కొందరు అసలు రాయించనే లేదు. ఒక తరం దాకా తేడా ఏమీ కనిపించలేదు. దున్నేవాడు దున్నుతూనే ఉన్నాడు. నాగలి ఒకరి చేతిలో, పట్టా ఇంకొకరి పెట్టెలో. కాలం అలాగే నడిచింది.

నజరేతుకు దక్షిణాన మర్జ్ ఇబ్న్ ఆమిర్ అనే సారవంతమైన లోయ ఉంది. 1870 ప్రాంతంలో ఖజానాకు డబ్బు కావలసివచ్చి, ప్రభుత్వం అక్కడి ఊళ్లకు ఊళ్లనే బేరూతుకు చెందిన సుర్సోక్ అనే వర్తక కుటుంబానికి అమ్మేసింది. అక్కడి రైతులు ఊరు వదలలేదు. కౌలుదారులయ్యారు, అంతే. 1910లో ఆ కుటుంబం అల్ ఫూలా అనే గ్రామాన్ని యూదు జాతీయ సంస్థకు అమ్మింది. అప్పటిదాకా భూమి చేతులు మారినా దున్నేవాడు మారేవాడు కాడు. ఈసారి కొన్నవారికి భూమి కావాలి, దాని మీది మనిషి అక్కరలేదు.

అప్పుడు నజరేతులో అధికారిగా ఉన్నవాడు షుక్రీ అల్ అసలీ, డమాస్కస్ మనిషి. పట్టా అప్పగించనని భీష్మించాడు. బేరూతు గవర్నరు ఆజ్ఞాపించినా వినలేదు. సలాహుద్దీన్ అనే మారుపేరుతో పత్రికల్లో లేఖలు రాశాడు. ఆ గ్రామంలో క్రూసేడు యుద్ధాలనాటి కోట శిథిలం ఒకటి ఉంది. దాన్ని జయించిన సలాహుద్దీను పేరు పెట్టుకున్నాడన్నమాట! చివరికి పైవాళ్ల మాటే నెగ్గింది. రైతులు వెళ్లిపోయారు. 1911లో అక్కడ మెర్హావియా అనే కొత్త వలస గ్రామం వెలిసింది. అల్ అసలీ పార్లమెంటుకు ఎన్నికై అక్కడా ఇదే మాట ఎత్తాడు. 1916లో జమాల్ పాషా అరబ్బు నాయకులను ఉరితీయించినప్పుడు ఆ ఉరికంబం ఎక్కినవారిలో ఆయన ఒకరు. తనకు ఉద్యోగమిచ్చిన సామ్రాజ్యమే ఆయన్ను ఉరితీసింది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. 1882 నుంచి రష్యా సామ్రాజ్యంలోని యూదులు ఇక్కడికి రావడం మొదలుపెట్టినది సుఖం ఎక్కువై కాదు. అక్కడ మూకలు ఇళ్ల మీద పడి కొడుతుంటే ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవారు ఎందరో. 1897లో బాసెల్ నగరంలో జియోనిస్టు మహాసభ జరిగాక ఈ వలసకు ఒక రాజకీయ లక్ష్యం ఏర్పడింది. అంతకుముందే, 1891లో, జెరూసలేం పెద్దలు వలసను, భూముల కొనుగోలును ఆపించమని ఇస్తాంబుల్‌కు తంతి పంపారు.

ఈ సందర్భంలో యూసుఫ్ దియా అల్ ఖాలిదీని తలచుకోవాలి. జెరూసలేంకు మేయరుగా ఉన్నాడు. 1877లో మొదటి ఆటోమన్ పార్లమెంటులో కూర్చున్నాడు. వియన్నాలో అరబ్బీ బోధించాడు. కుర్దుల ప్రాంతంలో ఉద్యోగం చేసినప్పుడు వాళ్ల భాష నేర్చుకుని కుర్దు-అరబ్బీ నిఘంటువు కూర్చాడు.  ఈయన 1899లో ఫ్రాన్సు ప్రధాన రబ్బీకి ఒక ఉత్తరం రాశాడు. ఆ నేలతో యూదులకు ఉన్న పాత బంధాన్ని ఆయన కాదనలేదు. కాని అక్కడ ఇప్పటికే మనుషులు కాపురముంటున్నారు, వారిని కాదని అక్కడ రాజ్యం కట్టాలంటే బలప్రయోగం తప్పదు, ఇంకెక్కడైనా చోటు చూసుకోండి అని విన్నవించాడు. ఉత్తరం హెర్జల్ చేతికి చేరింది. వలస వల్ల స్థానికులకు సంపద పెరుగుతుందే తప్ప నష్టం లేదని హెర్జల్ జవాబిచ్చాడు. అడిగిన ప్రశ్న ఒకటి, వచ్చిన జవాబు మరొకటి.

1908లో యువ తురుష్కుల విప్లవం వచ్చి రాజ్యాంగం తిరిగి అమలైంది. పత్రికల మీద కట్టడి సడలింది. ఆ ఏడే హైఫాలో నజీబ్ నస్సార్ 'అల్ కర్మిల్' పత్రిక పెట్టాడు. 1911 జనవరిలో జాఫాలో ఈసా అల్ ఈసా, యూసుఫ్ అల్ ఈసా అనే దాయాదులు మరో పత్రిక మొదలుపెట్టి దానికి 'ఫలస్తీన్' అని పేరు పెట్టారు. వీరిద్దరూ ఆర్థడాక్సు క్రైస్తవులు. మొదట వాళ్ల పోరాటం తమ చర్చిలోనే. పై మతాధికారులంతా గ్రీకులు, భక్తులంతా అరబ్బులు. మా చర్చి వ్యవహారాల్లో మా మాట, మా భాష ఎందుకు చెల్లవని వాళ్ల ప్రశ్న. తరువాత ఆ పత్రిక భూముల అమ్మకాల సంగతి చేపట్టింది. జాఫా చుట్టుపక్కల పల్లెలకు ఒక్కో ప్రతి పంపేవారు. చదువు వచ్చినవాడు పైకి చదివితే మిగతావాళ్లు వినేవారు. ఇప్పుడు నేను చదువుతుంటే మీరు వింటున్నట్టే. పాలస్తీనియన్లు అని పాఠకులను పిలవడం ఆ పుటల్లో మామూలైంది.

అంటే ఆనాడు ఒక మనిషి, జాఫావాడు, ముస్లిమో క్రైస్తవుడో, అరబ్బు, సుల్తాను ప్రజ, పాలస్తీనావాడు – ఇవన్నీ ఒకేసారి. ఒకటి చెబితే ఇంకొకటి అబద్ధం కాదు. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాషతో పెరిగిన మన సరిహద్దువాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

నేను బడిపంతులును కాబట్టి ఒక బడి గురించి చెప్పకుండా ఉండలేను. 1909లో జెరూసలేంలో ఖలీల్ సకాకినీ అనే ఆయన ఒక పాఠశాల తెరిచాడు. పేరు దస్తూరియా, అంటే రాజ్యాంగ పాఠశాల. అందులో బెత్తం లేదు, మార్కులు లేవు, బహుమతులు లేవు. అన్ని మతాల పిల్లలూ చేరవచ్చు. బోధన అరబ్బీలో. పిల్లవాణ్ని అవమానించకుండా చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. తరువాతి కాలంలో ఆయన రాసిన వాచకం అక్షరాల వరుసతో కాక తెలిసిన మాటలతో మొదలవుతుంది. బీ.ఇడి.లో మాకు కొత్త పద్ధతి అని నేర్పినది కూడా ఇదే! వాసిఫ్ జౌహరియ్యా అనే క్రైస్తవ బాలుడు ఆ బడిలో చదువుకున్నాడు. అరబ్బీ ఉచ్చారణ సరిగా రావడానికి ఖురాను నేర్చుకున్నాడు. ఊద్ వాయిద్యం వాయిస్తూ, ముస్లిముల నబీ మూసా ఉత్సవానికీ యూదుల పండుగలకూ కూడా హాజరయ్యేవాడు. పెద్దయ్యాక ఆ జ్ఞాపకాలన్నీ రాసిపెట్టాడు.

1914లో యుద్ధం వచ్చింది. మగవాళ్లను సైన్యానికి తోలుకుపోయారు. 1915లో మిడతల దండు పచ్చనిది ఏదీ మిగల్చలేదు. ఆకలి, విషజ్వరాలు. 1917 చివరలో ఒక రాత్రి ఆల్టర్ లెవీన్ అనే యూదు సకాకినీ తలుపు తట్టాడు. అతనిది అమెరికా పౌరసత్వం. అమెరికా యుద్ధంలో దిగడంతో శత్రుదేశీయుడైపోయాడు. అతనికి ఆశ్రయం ఇస్తే శిక్ష తప్పదని తెలుసు. జియోనిజాన్ని గట్టిగా వ్యతిరేకించిన సకాకినీ ఆ మనిషిని లోపలికి రానిచ్చాడు. ఇద్దరూ పట్టుబడి డమాస్కస్ జైలుకు వెళ్లారు. కొన్ని రోజులకే, 1917 డిసెంబరు 11న, బ్రిటిష్ సేనాని అలెన్‌బీ కాలినడకన జెరూసలేంలో అడుగుపెట్టాడు. అంతకు నెల ముందు లండన్‌లో వెలువడిన బాల్ఫర్ ప్రకటనలో ఈ జనం ప్రస్తావన ఉంది గాని పేరు లేదు. యూదేతరులు అని మాత్రమే ఉంది.

ఆ యుద్ధంలో మనవాళ్లూ ఉన్నారు. 1918 సెప్టెంబరు 23న హైఫాను పట్టుకున్నవి జోధ్‌పూర్, మైసూరు అశ్వదళాలు. నిజాం పంపిన హైదరాబాదు అశ్వదళం కూడా అదే బ్రిగేడులోది. ఢిల్లీలో మూడు విగ్రహాల కూడలిలో నిలబడ్డ సైనికులు ఈ మూడు సంస్థానాలకు గుర్తు.

చివరగా ఊరు విడిచినవారి మాట. బెత్లెహేము, బేత్ జాలా క్రైస్తవులు ముత్యపుచిప్పతో జపమాలలు చేసి అమ్ముకుంటూ పంతొమ్మిదో శతాబ్దంలోనే అమెరికా ఖండాలకు దారి కనుక్కున్నారు. 1909లో సైనిక భర్తీ క్రైస్తవులకూ వర్తించాక ఆ వలస ఇంకా పెరిగింది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో చాలామంది స్థిరపడ్డారు. వాళ్ల చేతుల్లోని కాగితాల మీద ఆటోమన్ ముద్ర ఉంది కాబట్టి అక్కడి జనం వాళ్లను తుర్కోలు, అంటే తురుష్కులు అనేవారు. 1920లో ఆ వలసదారులు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు పాలెస్తీనో. సాంతియాగో నగరంలో ఆ జట్టు ఇప్పటికీ ఆడుతోంది.