రెండు చుక్కల మిషను నూనె

పోయిన వేసవిలో మా పాత టేబుల్ ఫ్యాను ఆగిపోయింది. ఇత్తడి రెక్కలు, ఇనుప పీఠం, ఎత్తితే నడుం పట్టేస్తుంది. మా అత్తగారు కాపురానికి వచ్చిన ఏడాది మామగారు కొన్నారట. స్విచ్చి వేస్తే గుంయ్‌మని మూలగడమే తప్ప తిరగలేదు. కండెన్సరు పోయిందనుకుని మార్పించాం. అయినా అంతే. పెన్సిలుతో రెక్కను తోస్తే మాత్రం బద్ధకంగా కదిలేది. అలా రెండు రోజులు నడిపాం. మూడో రోజు హాలంతా కాలిన వాసన.

"పాత ఇత్తడికి మంచి రేటుందమ్మా, అమ్మేద్దాం" అన్నాడు మా అబ్బాయి. నాకు మనసొప్పలేదు. ఆటోలో వేసుకుని వైండింగు షాపుకి తీసుకెళ్ళాను.

అక్కడి పెద్దాయన బల్బు కట్టిన రెండు తీగలు తీసుకుని ఒకటి కాయిలు కొసకి, ఒకటి ఫ్యాను ఒంటికి తాకించాడు. బల్బు వెలిగింది. "బాడీ అయిందమ్మా. కాయిలు కాలి కరెంటు ఇనుముకి వచ్చేసింది. తడిచేత్తో ఎవరైనా పట్టుకుని ఉంటే?" అన్నాడు. మా మనవరాలు దాని ముందు నిలబడి 'ఆ...' అని పాడుతుంది, గొంతు వణుకుతూ వినబడుతుందని. నా గుండె ఝల్లుమంది.

తర్వాత ఇరుసు పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు. వేలితో జిగురు తీసి వాసన చూసి, "ఇందులో ఏం నూనె పోశారు?" అని అడిగాడు. కిర్రుమంటోందని కొబ్బరినూనె పోసింది నేనే. ఆ మాట చెప్పడానికి కాసేపు పట్టింది.

వారం పడుతుందన్నాడు. ఆ వారమంతా అసలీ ఫ్యాను మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందా అని చదువుతూ కూర్చున్నాను.

అంతకుముందు దొరల బంగళాల్లో పంకాలుండేవి. దూలానికి వేలాడే పెద్ద గుడ్డ చట్రం, దానికో తాడు, వరండాలో కూర్చుని రాత్రంతా ఆ తాడు లాగే కూలీ. కునికిపాటు పడితే తన్నులే. అలాంటి దెబ్బలకు మనుషులు చచ్చిపోయి కోర్టుల దాకా వెళ్ళిన కేసులున్నాయి. మామూలు ఇళ్ళలో విసనకర్రే గతి. అది ఎవరి చేతిలో ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. ఆ చేతులకు కూలీ లెక్క కూడా లేదు.

1882లో అమెరికాలో స్కైలర్ వీలర్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు కరెంటు మోటారుకి రెండు రెక్కలు తగిలించి బల్లమీద పెట్టుకునే ఫ్యాను చేశాడు. సీలింగ్ ఫ్యాను కథ నాకు ఇంకా నచ్చింది. జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన ఫిలిప్ డీల్ సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసేవాడు. కాలితో తొక్కే మిషనుని కరెంటుతో నడపాలని ఒక మోటారు తయారుచేశాడు. 1880ల్లోనే ఆ మోటారుకి రెక్కలు బిగించి ఇంటి కప్పుకి వేలాడదీశాడు. అంటే మన నెత్తిమీద తిరుగుతున్నది కుట్టుమిషను తోబుట్టువన్నమాట!

మొదటి ఫ్యాన్లు డి.సి. కరెంటువి. అందులో తిరిగే భాగానికే కరెంటు అందాలి. అందుకని కార్బన్ బ్రష్షులు దాన్ని రాసుకుంటూ ఉంటాయి, అరిగిపోతాయి. మన మిక్సీలో ఇప్పటికీ అవే. చీకట్లో మిక్సీ వేస్తే అడుగున కనబడే నీలం రవ్వలు వాటివే. 1888లో నికోలా టెస్లా పేటెంట్లు తీసుకున్న ఇండక్షన్ మోటారుతో ఆ బాధ తప్పింది. చుట్టూ కదలకుండా ఉన్న కాయిళ్ళలో పుట్టే అయస్కాంత శక్తి మధ్యలోని దిమ్మెను తనవెంట తిప్పుతుంది. దిమ్మెకు తీగ తగిలించే పనే లేదు. కాకపోతే మన ఇళ్ళకొచ్చే కరెంటుతో అది తనంతట తాను కదలదు. మొదటి తోపు ఇవ్వడానికి ఇంకో కాయిలూ కండెన్సరూ కావాలి. కండెన్సరు పోయిన ఫ్యాను చేత్తో తోస్తే తిరిగేది అందుకే.

మన దేశంలో 1897లో డార్జిలింగులో, 1899లో కలకత్తాలో కరెంటు వచ్చింది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ స్టేషను 1920లో పెట్టారు. పల్లెలకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఫ్యాన్ల తయారీకి అప్పట్లో కలకత్తా పెద్ద కేంద్రంగా ఉండేది. అక్కడ 1930ల్లో మొదలైన జై ఇంజనీరింగ్ వర్క్స్ వాళ్ళు ఉషా పేరుతో కుట్టుమిషన్లూ చేశారు, ఫ్యాన్లూ చేశారు. డీల్ గారి చుట్టరికం ఇక్కడా కొనసాగింది.

ఇక మా ఫ్యాను. వారం మధ్యలో ఒకసారి వెళ్ళి చూశాను. పాత కాయిలు కోసేముందే తీగ ఎంత సన్నమో కొలిచి, చుట్లు లెక్కపెట్టి, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి వెళ్ళిందో నోటుబుక్కులో బొమ్మ వేసుకున్నాడాయన. ఆ లెక్క తప్పితే మోటారు వేడెక్కుతుంది, లేకపోతే నీరసంగా తిరుగుతుంది. ఇంత పాతదానికి కాగితాలు ఎక్కడా దొరకవు కదా, కాలిన తీగే దాని జాతకం. కొత్త కాయిళ్ళు చుట్టేది ఆయన భార్య. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది, నేను పలకరిస్తే చెయ్యి చూపించి ఆగమంది. వంద దాటాక తలెత్తి నవ్వింది. గాడుల్లో కొత్త కాగితాలు పెట్టి, కాయిళ్ళు దించి, దారంతో కట్టి, వార్నిషు పట్టించి ఆరబెడతారట.

"కండెన్సరు తప్పేం లేదమ్మా," అన్నాడు పెద్దాయన. "కొబ్బరినూనె బంకలా గట్టిపడి ఇరుసుని పట్టేసింది. తిరగలేని మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, కాయిలు ఉడికిపోతుంది. మీరు పెన్సిలుతో తోసిన రెండు రోజుల్లో మిగిలింది కూడా అయిపోయింది. ఇన్నేళ్ళూ దీన్ని ఎవరో బాగా చూసుకున్నారు, బుష్షులు అరగలేదు."

ఎవరో ఏమిటి, మా అత్తగారే. ఏటా ఉగాదికి ముందు కుట్టుమిషను సొరుగులోంచి నూనె బుడ్డి తీసి, మిషనుకి వేశాక ఫ్యానుకీ ముందు రెండు చుక్కలు, వెనక రెండు చుక్కలు వేసేవారు. నేను వంటింట్లోంచి చూస్తూ చాదస్తం అనుకునేదాన్ని. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా ఎవరూ వెయ్యలేదు.

గుడ్డ చుట్టిన పాత రెండు పోగుల వైరు తీసేసి, ఎర్తుతో మూడు పిన్నుల వైరు వేసి ఇచ్చాడు. కొత్త ఫ్యాను ధరలో ముప్పాతిక అయింది. అబ్బాయి ఏమీ అనలేదు, తనే ఎత్తి హాల్లో పెట్టాడు. మనవరాలు వచ్చి 'ఆ...' అంది.

మొన్న ఉగాది ముందు సొరుగు తీశాను. బుడ్డి అడుగున కాస్త నూనె ఉంది. ముందు రెండు, వెనక రెండు వేసి, ఆ చేత్తోనే కుట్టుమిషనుకీ వేశాను. అదీ బిగుసుకుపోయే ఉంది.