సింగరేణిలో కార్మిక–యాజమాన్య సంయుక్త కమిటీలు

సింగరేణి కాలరీస్ కంపెనీలో కార్మిక సంఘాల ప్రతినిధులు, యాజమాన్యం ప్రతినిధులు కలిసి కూర్చుని పని పరిస్థితులు, రక్షణ, సంక్షేమం గురించి చర్చించి నిర్ణయాలు తీసుకునే వేదికలను సంయుక్త కమిటీలు అంటారు. గనిలో రక్షణ కమిటీ, ఏరియాలో జనరల్ మేనేజర్‌తో జరిగే స్ట్రక్చర్డ్ సమావేశం, కొత్తగూడెం ప్రధాన కార్యాలయంలో డైరెక్టర్ పా (పర్సనల్ విభాగం డైరెక్టర్), చైర్మన్ స్థాయి సమావేశాలు, జేసీసీగా పిలిచే సంయుక్త సంప్రదింపుల కమిటీ వీటిలో ముఖ్యమైనవి. కార్మికుల తరఫున ఈ సమావేశాల్లో ఎవరు కూర్చోవాలన్నది 1998 నుంచి రహస్య బ్యాలెట్ ద్వారా కార్మికులే తేలుస్తున్నారు. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం–గోదావరిఖని బొగ్గు ప్రాంతంలో ఆర్జీ–1, ఆర్జీ–2, ఆర్జీ–3 ఏరియాలున్నాయి. భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులు, కాలనీలు, ఆసుపత్రి అన్నీ ఒకేచోట ఉన్నందున ఈ కమిటీలు ఎంతవరకు పనిచేస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

నేపథ్యం

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నారు. అక్కడ 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అత్యధిక వాటాలు కొనడంతో అది ప్రభుత్వ సంస్థ అయింది. 1960 నుంచి రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. యాజమాన్యంలో రాష్ట్రానిదే పైచేయి అయినా, గనుల కార్మిక వివాదాలు చట్టప్రకారం కేంద్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తాయి. అందువల్ల సమ్మె నోటీసు అందినప్పుడు ఇరుపక్షాలను పిలిచి రాజీకి కూర్చోబెట్టేది, కార్మిక సంఘాల గుర్తింపు ఎన్నికలు జరిపేది కేంద్ర కార్మిక శాఖ అధికారులే.

గోదావరి ఒడ్డున గనులు విస్తరించాక చుట్టుపక్కల జిల్లాల నుంచి వేలాది మంది గోదావరిఖనికి వచ్చి స్థిరపడ్డారు. కోల్ ఫిల్లర్లుగా, బదిలీ వర్కర్లుగా (గైర్హాజరైన వారి స్థానంలో పనిచేసేవారు) చేరిన వారికి మస్టర్లు (హాజరు), క్వార్టర్లు, తాగునీరు, పై అధికారుల తీరు నిత్య సమస్యలు. సమ్మె చేస్తే ఎనిమిది రోజుల వేతనం దాకా కోత పెట్టవచ్చన్న వేతన చెల్లింపు చట్టం నిబంధనకు వ్యతిరేకంగా 1981లో 56 రోజుల పాటు సాగిన సమ్మె ఈ ప్రాంత కార్మికోద్యమంలో ఒక మలుపు.

ఆ తర్వాతి ఏళ్లలో సంఘాల సంఖ్య పదుల్లోకి చేరింది. ఒక సంఘంతో యాజమాన్యం ఒప్పందం చేసుకుంటే మరో సంఘం ఒప్పుకునేది కాదు. ఒక షిఫ్టులో ఒకరికి చార్జిషీటు ఇచ్చినా గని మొత్తం ఆగిపోయిన సందర్భాలున్నాయి. కార్మికుడి ఫిర్యాదు నిజమైనదే అయినా, దాన్ని విని సమాధానం చెప్పే స్థిరమైన వేదిక లేకపోవడంతో సమ్మె ఒక్కటే దారిగా మిగిలింది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉద్యోగులున్న ఈ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1992లో ఒకసారి, 1996లో మరోసారి ఖాయిలా పరిశ్రమల పునరుద్ధరణ బోర్డు గడప తొక్కింది. కార్మికుల పక్షాన ఎవరు మాట్లాడాలన్న ప్రశ్నకు జవాబు తేల్చకుండా కంపెనీ నిలబడదని అప్పుడే తేలిపోయింది.

చట్టపరమైన ఆధారం

ఈ కమిటీలు మూడు రకాల ఆధారాల మీద ఏర్పడ్డాయి. మొదటిది 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని మూడో సెక్షన్. వంద మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో పని కమిటీ ఏర్పాటు చేయాలని ప్రభుత్వం ఆదేశించవచ్చని, అందులో కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల కంటే తగ్గకూడదని అది చెప్పింది. అయితే పని కమిటీ కార్మిక సంఘానికి ప్రత్యామ్నాయం కాదని 1960లో నార్త్ బ్రూక్ జ్యూట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెండోది 1952 గనుల చట్టం, 1955 గనుల నిబంధనలు. రక్షణ కమిటీలకు ఇవే పునాది అయ్యాయి. మూడోది 1958లో యాజమాన్యాలు, కేంద్ర కార్మిక సంఘాలు అంగీకరించిన పారిశ్రామిక క్రమశిక్షణ నియమావళి. సింగరేణి గుర్తింపు ఎన్నికలు దీని ఆధారంగానే మొదలయ్యాయి.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 43ఏ అధికరణ, పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యానికి ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని నిర్దేశిస్తోంది. పార్లమెంటు 2020లో ఆమోదించగా, 2025 నవంబరులో 1947 చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా పని కమిటీని కొనసాగించింది. 51 శాతం కార్మికుల సభ్యత్వమున్న సంఘాన్ని ఏకైక సంప్రదింపుల సంఘంగా గుర్తించాలని, అంత బలం ఏ సంఘానికీ లేకపోతే 20 శాతం మద్దతున్న సంఘాలతో మండలి ఏర్పాటు చేయాలని అందులో ఉంది.

గుర్తింపు సంఘం ఎన్నికలు

తొలి ఎన్నిక 1998 సెప్టెంబరులో జరిగింది. ఏఐటీయూసీ అనుబంధ సింగరేణి కాలరీస్ వర్కర్స్ యూనియన్ గెలిచింది. 2001లోనూ అదే సంఘం నెగ్గింది. 2003లో ఐఎన్‌టీయూసీ, 2007లో మళ్లీ ఏఐటీయూసీ గుర్తింపు పొందాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ఎదిగిన తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం 2012లో, 2017లో విజయం సాధించింది. 2023 అక్టోబరు 28న జరగాల్సిన ఎన్నిక శాసనసభ ఎన్నికల కారణంగా హైకోర్టు ఆదేశంతో డిసెంబరు 27కు వాయిదా పడింది. అందులో 39,700 మందికి పైగా ఓటర్లుండగా, ఏఐటీయూసీ దాదాపు 2 వేల ఓట్ల ఆధిక్యంతో ఐఎన్‌టీయూసీపై గెలిచింది.

సింగరేణి ఎన్నికకు రెండంచెలున్నాయి. కంపెనీ మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘం గుర్తింపు సంఘం అవుతుంది. ఏరియాలో ఎక్కువ ఓట్లు వచ్చినది అక్కడ ప్రాతినిధ్య సంఘం అవుతుంది. కంపెనీ అంతటికీ వర్తించే విధాన విషయాలను గుర్తింపు సంఘం చర్చిస్తుంది. ఏరియా సమస్యల మీద ప్రాతినిధ్య సంఘం మాట్లాడుతుంది. 2023లో పదకొండు ఏరియాల్లో ఐదు ఏఐటీయూసీకి, ఆరు ఐఎన్‌టీయూసీకి దక్కాయి. గోదావరిఖని ప్రాంతమే రెండుగా చీలింది: ఆర్జీ–1, ఆర్జీ–2 ఏఐటీయూసీ వైపు నిలవగా, ఆర్జీ–3 ఐఎన్‌టీయూసీ వైపు మొగ్గింది. కంపెనీ స్థాయిలో ఒక సంఘం, ఆర్జీ–3లో మరో సంఘం కార్మికుల గొంతు వినిపించే ఈ ఏర్పాటులో ఓడిన సంఘానికీ కొంత చోటు మిగిలింది. ఓడినా పూర్తిగా బయట ఉండనక్కర్లేదన్న భరోసా వల్ల సంఘాల మధ్య పోరు గని గేటు నుంచి బ్యాలెట్ పెట్టెలోకి మళ్లింది.

పదవీకాలం రెండేళ్లా, నాలుగేళ్లా అన్న వివాదం 2017 నుంచి కొనసాగుతోంది. 2023లో గెలిచిన సంఘానికి గుర్తింపు పత్రం అందడానికి నెలలు పట్టింది. పత్రం అందేవరకు కంపెనీ స్థాయి సమావేశాలు సక్రమంగా జరగవు. ఆ జాప్యం భారం మోసేది పరిష్కారం కోసం ఎదురుచూసే కార్మికుడే.

సమావేశాల అంచెలు

సమస్య మొదట గనిలోనే తలెత్తుతుంది. గుర్తింపు, ప్రాతినిధ్య సంఘాల పిట్ సెక్రటరీలు దాన్ని మేనేజర్ దృష్టికి తెస్తారు. మస్టర్ పడకపోవడం, పై కేటగిరీ పని చేయించుకుని యాక్టింగ్ వేతనం ఇవ్వకపోవడం, ప్లేడే (సెలవు రోజు) డ్యూటీల పంపకంలో తేడాలు, బూట్లు, క్యాప్‌ల్యాంపుల కొరత, క్యాంటీన్ నాణ్యత వంటివి చాలావరకు ఇక్కడే తేలిపోవాలి.

గనిలో తెగనివి ఏరియా స్ట్రక్చర్డ్ సమావేశానికి వెళ్తాయి. ఇందులో జనరల్ మేనేజర్, పర్సనల్ విభాగం అధికారులు ఒకవైపు, సంఘం ఉపాధ్యక్షుడు, ఇతర నాయకులు మరోవైపు కూర్చుంటారు. సంఘం ముందుగా అజెండా ఇస్తుంది. చర్చించిన ప్రతి అంశం మినిట్స్‌లో నమోదవుతుంది. గోదావరిఖని ఏరియాల్లో క్వార్టర్ల మరమ్మతులు, కాలనీల తాగునీరు, ఏరియా ఆసుపత్రిలో వైద్యుల కొరత, ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు నిండిన బదిలీ వర్కర్లను జనరల్ మజ్దూర్లుగా మార్చడం వంటివి ఈ సమావేశానికి వచ్చే అంశాలు.

కంపెనీ విధానాన్ని మార్చాల్సిన విషయాలు కొత్తగూడెంలో డైరెక్టర్ పా స్థాయికి, ఆపై చైర్మన్ స్థాయికి చేరతాయి. ఇక్కడ కుదిరిన అవగాహనకు, 12(3) ఒప్పందానికి మధ్య తేడా ఉంది. కార్మిక శాఖ అధికారి సమక్షంలో పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్ కింద కుదిరిన ఒప్పందానికి సంతకం చేయని సంఘాల సభ్యులతో సహా కార్మికులంతా కట్టుబడి ఉండాల్సి వచ్చేది. యాజమాన్యం దాన్ని ఉల్లంఘిస్తే చట్టరీత్యా నేరమయ్యేది. స్ట్రక్చర్డ్ సమావేశం మినిట్స్‌కు ఆ బలం లేదు. అందుకే మినిట్స్‌కెక్కినా అమలుకాని హామీలు ఒక్కో సమావేశం దాటి తర్వాతి అజెండాలో మళ్లీ కనిపిస్తుంటాయి. సంయుక్త కమిటీ పనితీరును కొలవాలంటే ఎన్ని సమావేశాలు జరిగాయో కాదు, ఎన్ని అంశాలు అజెండా నుంచి తొలగిపోయాయో చూడాలి.

రక్షణ కమిటీలు

ఈ కమిటీలన్నిటిలో నేరుగా ప్రాణాలతో ముడిపడినది గని రక్షణ కమిటీ. 1955 నిబంధనల ప్రకారం వంద మందికి మించి పనిచేసే గనిలో దాన్ని ఏర్పాటు చేయాలి. మేనేజర్ అధ్యక్షుడిగా, సేఫ్టీ ఆఫీసర్ కార్యదర్శిగా ఉంటారు. మేనేజర్ నియమించిన ఐదుగురు అధికారులతో పాటు కార్మికులు ఎంపిక చేసిన ఐదుగురు, వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు సభ్యులు. నెలకు ఒకసారైనా కమిటీ సమావేశమై, వచ్చిన తనిఖీ నివేదికలను, ప్రమాదాలను, గాలి సరఫరా, పైకప్పు ఆసరా, దుమ్ము నివారణ వంటి విషయాలను చర్చించాలి.

ఐదు వందల మంది, అంతకు మించి పనిచేసే గనిలో మైనింగ్, ఎలక్ట్రికల్, మెకానికల్ విభాగాలకు ఒక్కొక్కరు చొప్పున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లుంటారు. సంఘంతో సంప్రదించి, అనుభవమున్న కార్మికుల నుంచే వారిని ఎంపిక చేస్తారు. పని స్థలాలు చూసి లోపాలను రిజిస్టర్‌లో రాయడం వారి బాధ్యత. ఏం సరిదిద్దారో మేనేజర్ ఆ రిజిస్టర్‌లోనే రాయాలి. ఏరియా స్థాయిలో యాజమాన్యం, సంఘాలు, గనుల భద్రతా డైరెక్టరేట్ అధికారులు కలిసి త్రైపాక్షిక రక్షణ సమావేశాలు జరుపుతారు.

ఈ ఏర్పాటు ఎందుకు అవసరమో గోదావరిఖనికి 2003 నేర్పింది. ఆ ఏడాది జూన్ 16న జీడీకే (గోదావరిఖని) 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తడంతో 17 మంది మరణించారు. అక్టోబరులో జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది ప్రాణాలు కోల్పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. పైకప్పు పలికే తీరును, గోడల్లో ఊరే నీటిని మొదట గమనించేది బొగ్గు తీసే ముఖం దగ్గర పనిచేసే సపోర్ట్‌మన్, కోల్ ఫిల్లర్, సర్దార్. వారి మాట నెల నెలా మేనేజర్ ముందు నమోదై, దానికి రాతపూర్వక జవాబు రావాలన్నదే రక్షణ కమిటీ ఉద్దేశం. ఉత్పత్తి లక్ష్యం ఒత్తిడిలో ఆ మాట పక్కకు పోతే చట్టం చేయించిన సంతకాలు ఎవరినీ కాపాడవు.

జాతీయ స్థాయి

సింగరేణి కార్మికుల మూల వేతనం ఏరియాలోనో కొత్తగూడెంలోనో నిర్ణయం కాదు. బొగ్గు గనుల జాతీయీకరణ తర్వాత ఏర్పడిన జేబీసీసీఐ, అంటే బొగ్గు పరిశ్రమ సంయుక్త ద్వైపాక్షిక కమిటీ దాన్ని తేలుస్తుంది. అందులో కోల్ ఇండియా, సింగరేణి యాజమాన్యాలు, కేంద్ర కార్మిక సంఘాలు ఉంటాయి. తొలి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం 1975 జనవరి 1 నుంచి వర్తించింది. పదకొండో ఒప్పందం 2023 మే నెలలో కుదిరింది. అది 19 శాతం కనీస గ్యారంటీ ప్రయోజనంతో 2021 జులై 1 నుంచి అమలైంది. ఆ ప్రకారం గోదావరిఖని కార్మికుడికి, ధన్‌బాద్ కార్మికుడికి వేతన స్కేళ్లు ఒక్కటే.

పరిధికి బయట ఉన్నవి

కార్మికులు అత్యంత ఆసక్తిగా ఎదురుచూసే కొన్ని నిర్ణయాలు ఈ కమిటీల పరిధి దాటినవి. లాభాల్లో వాటాను రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2023–24 సంవత్సరానికి అది 33 శాతంగా నిర్ణయమై 796 కోట్ల రూపాయలైంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. తర్వాత వైద్య కారణాలపై కారుణ్య నియామకాల విధానం వచ్చింది. బొగ్గు బ్లాకుల కేటాయింపు కేంద్రం చేతిలో ఉంది. నాలుగు బ్లాకుల వేలానికి నిరసనగా 2021 డిసెంబరు 9 నుంచి 11 వరకు సంఘాలన్నీ కలిసి సమ్మె చేశాయి. బల్లకు అవతల కూర్చున్న అధికారికి ఆ నిర్ణయం తీసుకునే అధికారమే లేనప్పుడు సమ్మె ప్రభుత్వాన్ని ఉద్దేశించి సాగుతుంది.

అన్నిటికంటే పెద్ద వెలితి కాంట్రాక్టు కార్మికులది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తొలగింపు, రవాణా, పారిశుద్ధ్యం, కాపలా వంటి పనులు వేలాది మంది చేస్తున్నారు. గుర్తింపు ఎన్నికలో వారికి ఓటు లేదు. బొగ్గు పరిశ్రమ హైపవర్ కమిటీ సిఫారసు చేసిన వేతనాల కోసం వారు 2022 సెప్టెంబరులో సమ్మెకు దిగారు. 2023–24 లాభాల నుంచి తొలిసారి తలా 5 వేల రూపాయలు అందింది. ఒకే గనిలో ఒకే దుమ్ము పీల్చేవారిలో కొందరికే బల్ల దగ్గర కుర్చీ ఉండటం న్యాయం కాదు.

ఇతర దేశాల్లో

1917 నుంచి బ్రిటన్‌లో విట్లీ కమిటీ సిఫారసులతో సంయుక్త మండళ్లు వచ్చాయి. పశ్చిమ జర్మనీ 1951లో బొగ్గు, ఉక్కు పరిశ్రమల కోసం చేసిన చట్టం ఇంకా ముందుకు వెళ్లి, పెద్ద కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో కార్మికులకు, వాటాదారులకు సమాన స్థానాలిచ్చింది. సింగరేణి కమిటీల్లో కార్మికుడికి సంప్రదింపు హక్కు ఉంది గాని పెట్టుబడి, యాంత్రీకరణ, కొత్త గనుల నిర్ణయాల్లో ఓటు లేదు.

ప్రాముఖ్యం

గుర్తింపు ఎన్నికల తర్వాత గని గనికీ పుట్టుకొచ్చిన ఆకస్మిక సమ్మెలు బాగా తగ్గాయి. సంస్థ నష్టాల నుంచి బయటపడి లాభాల బాట పట్టింది. ఉద్యోగుల సంఖ్య లక్ష నుంచి నలభై వేల స్థాయికి పడిపోయింది కూడా ఈ కాలంలోనే. కమిటీలు ఆ తగ్గుదలను ఆపలేకపోయాయి. ఎన్నికలు గడువుకు జరగడం, మినిట్స్‌కు అమలు గడువు ఉండటం, రక్షణ రిజిస్టర్ ప్రతి పేజీకీ మేనేజర్ జవాబుదారీ కావడం, కాంట్రాక్టు కార్మికులకు ప్రాతినిధ్యం దక్కడం — ఈ నాలుగూ సాధ్యమైనంత మేరకే సింగరేణి సంయుక్త కమిటీలు కార్మికుడికి నిజంగా పనికొస్తాయి.